సున్నాని అనంతంతో గుణించిన కమిటీ

ముందే చెబుతున్నాను, నాకింకా కోపం తగ్గలేదు. అన్నీ సర్దుకున్నాక తీరిగ్గా కూర్చుని, నవ్వుకుంటూ రాసే జ్ఞాపకాలు కొందరు రాస్తారు. వాళ్ళకి నవ్వొచ్చే సంగతులు జరిగి ఉంటాయి. నేను రాస్తున్నది ఐటీఐ పాసై, కొత్త బూట్లు కొనుక్కుని, రేపో మాపో ఏదో ఒక కర్మాగారం గేటు ముందు వరసలో నిలబడబోయే మన పిల్లల కోసం. లోపల మీకు చాలా నేర్పుతారు. హెల్మెట్ పట్టీ ఎలా బిగించాలో, నిచ్చెన ఎలా ఎక్కాలో బొమ్మలు వేసి మరీ నేర్పుతారు. ఈ ఒక్క లెక్క మాత్రం నేర్పరు. అందుకని నేను చెబుతాను.

నేను రిటైరయ్యానని బస్తీలో అందరూ అంటారు. రిటైరయ్యే వయసు నాకింకా రాలేదు. నా గేట్ పాస్ గడువు తీరింది, మళ్ళీ ఇవ్వలేదు. మా ఠేకా పనివాళ్ళకి, అంటే కాంట్రాక్టు కూలీలకి, రిటైర్మెంటంటే అంతే. శాలువా కప్పరు, దండ వెయ్యరు. ఒకరోజు పొద్దున్న మెషీన్ మీద కార్డు పెడితే పచ్చ దీపం బదులు ఎర్ర దీపం వెలుగుతుంది. వెనకనున్నవాడు "జరగండి" అంటాడు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చి బర్మామైన్స్ బస్తీలో స్థిరపడ్డాడు. నేనిక్కడే పుట్టాను. పదో తరగతి, ఆ తర్వాత ఐటీఐ, అంతే నా చదువు. పని టెస్టింగ్. కేబుళ్ళు, మోటార్లు, స్విచ్చులు బాగున్నాయో లేదో మీటర్లు పెట్టి చూసి చెప్పడం. మిగతా చదువు నా అంతట నేనే చదివాను. స్టేషన్ దగ్గర పాత పుస్తకాల బండి మీద అట్టలు ఊడిన లెక్కల పుస్తకాలు దొరికేవి. అడగడానికి ఎవరూ లేరు కాబట్టి ఒక్కో పేజీ దగ్గర రోజుల తరబడి ఆగిపోయేవాణ్ణి. అర్థం కానిదాన్ని అర్థమైందని నాకు నేను చెప్పుకోవడం మాత్రం నాకు చేతకాలేదు.

అనంతం నాకు మొదట పుస్తకంలో కనబడలేదు. మీటరు మీద కనబడింది. మెగ్గర్ అని ఒక మీటరు ఉంటుంది. కరెంటు ఎక్కడైనా దొంగదారిన కారుతోందా, అడ్డు గట్టిగా ఉందా అని చూసేది. పాత మెగ్గర్ ముఖం మీద ఒక చివర సున్నా, ఇంకో చివర పక్కకి వాలి పడుకున్న ఎనిమిది. అదే అనంతం గుర్తు. తెరిచి ఉన్న, అంటే ఆపేసిన, స్విచ్చుకి అటూ ఇటూ మెగ్గర్ పెడితే సూది వెళ్ళి ఆ గుర్తు మీద వాలుతుంది. అంటే అడ్డు అనంతం. కరెంటు దాటలేదు. "ఇన్ఫినిటీ సాబ్" అంటే ఇంజినీర్లు సంతోషించేవారు. ఆ మాట నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

నాతోపాటు ఒక జాయింటర్ ఉండేవాడు. తెగిన కేబుళ్ళు కలిపేవాడు, చివరలు విప్పి బిగించేవాడు. మాకు చుట్టరికం లేదు గానీ మొదటిరోజు నుంచీ బావా అంటే బావా అనుకున్నాం. చేతివేళ్ళతో తడిమి కేబులు వయసు చెప్పేవాడు. ఇల్లు నది అవతల మాంగోలో, ఆ బ్రిడ్జి మీద రోజూ బస్సు ఇరుక్కునేది. నా లెక్కల పిచ్చి అతనికి పెద్ద వేడుక. ఒకరోజు క్యాంటీన్‌లో టీ తాగుతూ అడిగాను.

"బావా, సున్నాని అనంతంతో గుణిత్తే ఎంతొత్తాది?"

"అనంతమంటే ఎంత దూరమేటి? మాంగో బస్సు ఎల్తాదా అక్కడికి?"

"బస్సు ఎల్తానే ఉంటాది బావా. చేరదు."

"అయితే అది మాంగో బ్రిడ్జే. నాకు తెలుసు. రోజూ సాయంత్రం దానిమీదే ఉంటన్నాను." టీ ఊదుకుని, ఈసారి నిజంగా ఆలోచించాడు. "సున్నామంది కూలోళ్ళని పెట్టి, ఎప్పటికీ ఆపకుండా గొయ్యి తవ్వించినావనుకో. గొయ్యి ఎంతవుతాది? ఏటీ అవదు. సున్నాయే. దీనికి పుస్తకం ఎందుకు?"

నేను నవ్వలేదు. అది తప్పు జవాబు కాదు. మనుషులు నిజంగా సున్నా అయితే, ఎన్ని రోజులు పెంచుకుంటూ పోయినా గొయ్యి సున్నాయే. కానీ పుస్తకం అడిగేది ఇంకోటి. ఒక పక్క తరిగి తరిగి సున్నా అవుతోంది. అదే సమయంలో రెండో పక్క పెరిగి పెరిగి అనంతం అవుతోంది. అప్పుడేమిటి?

"అలాక్కాదు బావా. ఒక మనిషి నాలుగొందల రోజులు తవ్వినాడు. అదే పనికి అర మనిషి ఉంటే?"

"అర మనిషేటి, మన స్టోర్‌కీపరా?"

"అనుకో."

"ఎనిమిదొందల రోజులు."

"పావు మనిషయితే?"

"పదారొందలు. గొయ్యి మాత్రం అదే."

"అలా మనిషి కనబడకుండా పోయీదాకా తగ్గిపోనీ. రోజులు లెక్కలేనన్ని అయిపోనీ. గొయ్యి?"

గ్లాసు కింద పెట్టాడు. "గొయ్యి అదే. మారదు." వేళ్ళు మడిచి చూసుకుని, "అయితే మనిషిని చూత్తే తెలీదు, రోజుల్ని చూత్తే తెలీదు. గొయ్యి ఎంతో తవ్వించినోడిని అడగాల. అంతేనేటి?" అన్నాడు.

అంతే. పుస్తకంలో రెండు పేజీలు రాసిన సంగతి అదే. దాన్ని ఇన్‌డిటర్మినేట్ అంటారు. జవాబు లేదని కాదు దానర్థం. ఈ రెంటినీ చూసి జవాబు చెప్పలేవు, లేచి వెళ్ళి అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో చూసి రా అని అర్థం.

ఇక ఆ రోజు సంగతి. అది ఊరంతా ఎరిగిన పెద్ద కర్మాగారం కాదు. ఊరి చివర ఒక మాదిరిది, పేరు అనవసరం. అందులో ఒక పంప్‌హౌస్. దానికి కరెంటు సబ్‌స్టేషన్ నుంచి కేబుల్లో వస్తుంది. కేబులు వచ్చి పంప్‌హౌస్ స్విచ్చుకి తగులుకుంటుంది. ఆ తగులుకునే చోట బిగింపు వేడెక్కి మాడిపోయింది. దాన్ని విప్పి కొత్తది వెయ్యాలి. జాయింటర్ పని. చెయ్యి పెట్టేముందు కరెంటు లేదని చూసి చెప్పడం నా పని.

పంపులు ఆపారు. పంప్‌హౌస్ స్విచ్చు తెరిచారు. సబ్‌స్టేషన్ వాళ్ళు తమ వైపు కూడా ఈ కేబులుకి కరెంటు ఆపాలి. ఆపేశామని ఫోన్ చేశారు. వాళ్ళు ఆపింది దీన్ని కాదు, పక్కదాన్ని. ఆ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు.

తెలుసుకోవడానికి ఒకప్పుడు మా దగ్గర టెస్ట్ ల్యాంప్ ఉండేది. రెండు బల్బులు వరసగా కలిపి, రెండు తీగలు బయటికి తీసిన మొరటు వస్తువు. ముందు కరెంటు ఉన్నచోట పెట్టి బల్బులు వెలుగుతున్నాయని చూస్తాం. తర్వాత పనిచేసే చోట పెడతాం. వెలగకపోతే మళ్ళీ కరెంటు ఉన్నచోట పెట్టి, బల్బులు మధ్యలో పోలేదని చూసుకుంటాం. అప్పుడు చెయ్యి పెడతాం. మా నాన్న కాలం నుంచీ అదే పద్ధతి. సేఫ్టీవాళ్ళు దాన్ని నిషేధించారు. బల్బు పగిలితే ప్రమాదమట. నిజమే, పగిలితే ప్రమాదమే. దాని బదులు మంచి డిజిటల్ టెస్టర్ ఇచ్చారు. ఇచ్చి, పోతుందని స్టోర్‌లో పెట్టి తాళం వేశారు. కోపం రాదా మీకు? బల్బులు చెత్తబుట్టలో, టెస్టర్ తాళం వెనక, మధ్యలో మనిషి చెయ్యి.

నేను టెస్టర్ కోసం స్టోర్‌కి వెళ్ళాను. స్టోర్‌కీపర్ టీకి వెళ్ళాడు. తలుపు దగ్గర నిలబడ్డాను. వెనక పంప్‌హౌస్‌లో జరిగింది జాయింటర్ నాకు తర్వాత చెప్పాడు. ఠేకేదార్ తరపు సైట్ ఇంజినీరు కూడా ఆనక వేసిన విచారణ కమిటీ ముందు అదే చెప్పాడు, తప్పేమీ లేనట్టు. అతను వచ్చి ప్యానెల్ మీద అమ్మీటర్ చూశాడు. కరెంటు ఎంత పారుతోందో చూపే మీటరది. సూది సున్నా మీద ఉంది. ఇక విప్పమన్నాడు.

"అమ్మీటర్ జీరో హై. చలో, ఖోలో."

"సాబ్, టెస్టింగ్‌వాలా ఆ రహా హై. దో మినిట్." టెస్టింగ్ మనిషి వస్తున్నాడు, రెండు నిమిషాలు ఆగమన్నాడు జాయింటర్.

"జీరో దిఖ్ రహా హై నా? ఔర్ క్యా టెస్ట్ కరేగా? లంచ్ సే పహ్‌లే పంప్ చాలూ చాహియే." సున్నా కనబడుతుంటే ఇంకేం టెస్టు, లంచ్ లోపల పంపు నడవాలన్నాడు.

పిల్లలూ, ఇక్కడ ఆగి చదవండి. కుళాయి కట్టేసి ఉంటే నీళ్ళు పారవు. పారడం లేదు కాబట్టి ట్యాంకులో నీళ్ళు లేవంటారా? కుళాయి కట్టేసిందెవరు? మీరే. పంప్‌హౌస్ స్విచ్చు తెరిచింది మేమే. కరెంటు దాటి రాలేదు కాబట్టి అమ్మీటర్ సున్నా. కేబుల్లో కరెంటు ఉన్నా సున్నాయే, లేకపోయినా సున్నాయే. ఆ సూది అబద్ధం చెప్పలేదు. ఎవరూ అడగని ప్రశ్నకి నిజం చెప్పింది, అంతే.

జాయింటర్ ఇంకోసారి నా కోసం దారివైపు చూశాడట. తర్వాత స్పానర్ పెట్టాడు.

నేను టెస్టర్ పట్టుకుని వస్తున్నాను. పెద్ద దుప్పటిని ఒక్క పెట్టున చింపినట్టు చప్పుడు విన్నాను. పంప్‌హౌస్ కిటికీ తెల్లగా వెలిగి ఆరిపోయింది. పరిగెత్తాను. అతను బయటికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒంటికి దూరంగా, ఎవరిదో సామాను మొయ్యమంటే మోస్తున్నట్టు పట్టుకున్నాడు. కనుబొమ్మలు లేవు.

"బావా," అన్నాడు, "కళ్ళు కనబడతన్నాయి. చెయ్యి నువ్వు చూడు. నాను చూడను."

చూశాను. ఏం చూశానో రాయను.

అతన్ని జీపులో ఎక్కించారు. నేను ప్యానెల్ దగ్గర ఎవరూ చెయ్యి పెట్టకుండా చూడాలని లోపలికి వెళ్ళాను. స్పానర్ నేల మీద పడి ఉంది. దాని మూతి కరిగి, ఎలక కొరికిన రొట్టెలా ఉంది. అప్పుడే గోడ మీద ఫోన్ మోగింది. ఎత్తాను.

"అరే పంప్‌హౌస్! క్యా కర్ దియా తుమ్ లోగ్? హమారా ఫీడర్ ట్రిప్ హో గయా!"

సబ్‌స్టేషన్ మనిషి. వాళ్ళ ఫీడరు, అంటే కరెంటు పంపే లైను, దానంతటది పడిపోయిందని కేకలు. ఏ ఫీడరని అడిగాను. నంబరు చెప్పాడు. మా కేబులు నంబరే.

"వో తో బంద్ థా నా?" అన్నాను, అది ఆపేశామన్నారు కదా అని.

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఆపేసిన స్విచ్చు మళ్ళీ దానంతటది పడిపోదు. పడిపోయిందంటే అది ఆపి లేదు. దీనికి లెక్కలు రానక్కరలేదు.

మూడు రోజులు పోయాక కమిటీ వేశారు. ముగ్గురు. పెద్ద అధికారి ఒకాయన అధ్యక్షుడు. ఠేకేదార్ తెచ్చుకున్న సేఫ్టీ సలహాదారు ఒకడు, కోటు వేసుకున్నాడు. కర్మాగారం తరపు కుర్ర ఇంజినీరు ఒకడు, మంచి కాలేజీ నుంచి వచ్చాడని చెప్పుకునేవారు. ఏసీ గది. బిస్కెట్లు పెట్టారు. నేను తినలేదు.

వాళ్ళ దగ్గర రిపోర్టు ముందే సగం తయారుగా ఉంది. సలహాదారు చదివి వినిపించాడు. పని మొదలయ్యేటప్పుడు కరెంటు సున్నా. స్విచ్చు తెరిచి ఉంది, దాని అడ్డు అనంతం, కిందటి తనిఖీలో మెగ్గర్ పెట్టి నేనే అలా చెప్పాను. వోల్టేజీ అంటే కరెంటు ఇంటూ అడ్డు. సున్నాని దేనితో గుణించినా సున్నా. కాబట్టి అక్కడ వోల్టేజీ లేదు. మరి మంట ఎలా వచ్చింది? కేబుల్లో అంతకుముందు మిగిలిపోయిన కొద్దిపాటి ఛార్జి వల్ల. దాన్ని నేలకి దింపకుండా చెయ్యి పెట్టడం జాయింటర్ నిర్లక్ష్యం.

మళ్ళీ చదవండి ఆ పేరా. ఎంత శుభ్రంగా ఉందో చూడండి. అందులో సబ్‌స్టేషన్ లేదు. అక్కడి పర్మనెంట్ ఉద్యోగులు లేరు. తాళం వేసిన టెస్టర్ లేదు. లంచ్ లోపల పంప్ కావాలన్నవాడు లేడు. ఒక సున్నా, ఒక అనంతం, ఒక ఠేకా కూలీ.

"సాబ్," అన్నాను, "సున్నాని అనంతంతో గుణిస్తే సున్నా కాదు."

సలహాదారు నవ్వాడు. "జీరో ఇంటూ ఎనీథింగ్ ఈజ్ జీరో, భాయ్‌సాబ్. థర్డ్ క్లాస్ కీ బాత్ హై." మూడో తరగతి లెక్కట.

నేను హిందీలో, మెల్లగా చెప్పాను. నాలుగు వందల ఓముల అడ్డు పెడితే ఒక ఆంపియర్ పారుతుంది, గుణిస్తే నాలుగు వందల వోల్టులు. అడ్డు పదింతలు చేస్తే పారేది పదో వంతు అవుతుంది, గుణిస్తే మళ్ళీ నాలుగు వందలే. లక్షింతలు చేస్తే లక్షో వంతు, నాలుగు వందలే. స్విచ్చు తెరిచేశారు, అడ్డు అనంతం, పారేది సున్నా. ఆ నాలుగు వందలు ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు. ఎందుకంటే అవి ఈ గుణకారంలోంచి రాలేదు, కేబులు రెండో చివర నుంచి వచ్చాయి. సున్నాని చూసి చెప్పలేరు, అనంతాన్ని చూసి చెప్పలేరు. రెండో చివర చూడాలి. మిగిలిపోయిన ఛార్జి ఇనప స్పానర్‌ని కొరకదు. ఆ వెంటనే ఫోన్ వచ్చింది, ఎత్తింది నేను, ట్రిప్ అయింది ఇదే ఫీడరన్నారు. రెండో చివర చూడండి సాబ్.

అధ్యక్షుడు పెన్ను మూత పెట్టాడు. ఫోన్ చేసినట్టు సబ్‌స్టేషన్‌లో ఎవరూ చెప్పడం లేదన్నాడు. ఫోన్ సంగతి వదిలేసి, అమ్మీటర్ సున్నా ఉన్నమాట నిజమా కాదా అంతవరకే చెప్పమన్నాడు.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. గోడ మీద ఫ్యాన్ స్విచ్చు కనబడింది. ఏసీ ఉంది కాబట్టి ఫ్యాన్ ఆపేసి ఉంది.

"సాబ్, ఆ ఫ్యాను తిరగడం లేదు. కరెంటు సున్నా. స్విచ్చు తెరిచి ఉంది, అడ్డు అనంతం. రిపోర్టు ప్రకారం అక్కడ వోల్టేజీ లేదు. నేను మూత విప్పుతాను. మీలో ఎవరైనా వచ్చి వేలు పెట్టండి. పెడితే ఆ రిపోర్టు మీద ఎక్కడ సంతకం చెయ్యమంటే అక్కడ చేస్తాను."

ఎవరూ లేవలేదు. సలహాదారు చెయ్యి బిస్కెట్ల ప్లేటు మీదనుంచి ఒళ్ళోకి వెళ్ళిపోయింది. ఆ క్షణం నేను గెలిచానని మీరనుకుంటారేమో. నేనూ అనుకున్నాను. అధ్యక్షుడు గడియారం చూసుకుని, "ఆప్‌కీ భావనా సమఝ్‌తే హైఁ" అన్నాడు. మీ బాధ అర్థమైందని. నేను చెప్పింది బాధ కాదు, లెక్క. లెక్కకి జవాబు చెప్పలేనప్పుడు పెద్దవాళ్ళు మన బాధని అర్థం చేసుకుంటారు.

కుర్ర ఇంజినీరు నా వెనకే వరండాలోకి వచ్చాడు. 

"అంకుల్, యే ఇన్‌డిటర్మినేట్ ఫామ్ హై. ముఝే మాలూమ్ హై. ఫస్ట్ ఇయర్ మే పఢా థా."

నేను ఆగిపోయాను. "తెలిసే ఊరుకున్నావా?"

"సబ్‌కో మాలూమ్ హై, అంకుల్. లేకిన్ రిపోర్ట్ మే కుఛ్ తో లిఖ్‌నా పడేగా నా."

అందరికీ తెలుసట. రిపోర్టులో ఏదో ఒకటి రాయాలి కదా అట. 

ఇది మీకు బాగా తెలియాలి. చదువుకున్నవాళ్ళకి ఏమీ తెలియదు, మన పనివాళ్ళకే అంతా తెలుసు అని మన బస్తీలో చెప్పుకుని సంబరపడతాం. అది ఉత్తమాట. ఆ గదిలో ఆ లెక్క తెలియనివాడు ఎవడూ లేడు. నాకంటే ఆ కుర్రాడికి బాగా తెలుసు. కోటువాడికీ తెలుసు, లేకపోతే ఆ చెయ్యి ఒళ్ళోకి ఎందుకు వెళ్ళింది? తెలియక సున్నా రాస్తే నాకింత కోపం ఉండేది కాదు, కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి. జవాబు సున్నా అయితే ఎవరూ లేచి రెండో చివరకి వెళ్ళి చూడక్కరలేదు. వాళ్ళు సున్నా రాసింది అందుకు.

నేను సంతకం చెయ్యలేదు. నా సంతకం లేకుండానే రిపోర్టు నడిచింది. జాయింటర్ కార్డుని కంప్యూటర్లో బంద్ చేశారు. సేఫ్టీ నియమాలు మీరిన మనిషని రాశారు. ఆ రాత ఉన్నవాణ్ణి ఏ ఠేకేదారూ ఏ గేటు లోపలికీ తీసుకోడు. అతనికి చెయ్యి పోవడం కంటే అదే పెద్ద దెబ్బ. మూడు వేళ్ళు ముడుచుకుపోయినా బొటనవేలూ చూపుడువేలూ ఆడుతున్నాయి, కేబులు తడిమి చెప్పగలడు, కొత్తవాళ్ళకి నేర్పగలడు. ఆస్పత్రిలో కట్టు విప్పినరోజే ఆ రెండు వేళ్ళూ ఆడించి చూపించాడు. "ఇవి చాలు బావా. నాను కూర్చుని చెప్తాను, కుర్రోళ్ళు బిగిత్తారు. నా పాసు ఒక్కటి ఇప్పించు." ఇప్పించలేకపోయాను. అడిగినచోటల్లా రిపోర్టు చూపించారు. ఆ ఏడాది ఠేకా మారినప్పుడు నా కార్డుకి కూడా ఎర్ర దీపం వెలిగింది. దానికి నాకు బాధ లేదు. లేదంటే అబద్ధమే, ఉంది, కానీ చెప్పుకునేంత కాదు.

ఇప్పుడు అతను టాటానగర్ స్టేషన్ బయట బావమరిది నడిపే ఇడ్లీ బండి దగ్గర కూర్చుంటాడు. ఎడమచేత్తో చట్నీ వడ్డిస్తాడు. నన్ను చూస్తే, "లెక్కల మేస్టారు వచ్చినాడు, సున్నా ఇడ్లీలు అనంతం చట్నీ ఎయ్యండి" అని అరుస్తాడు. నేను నవ్వుతాను. ఆ కుడిచెయ్యి వైపు చూడకుండా ప్లేటు అందుకుంటాను.

కిందటి నెల కుర్ర ఇంజినీరు నా ఫోనుకి ఒక ఫొటో పంపాడు. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. పంప్‌హౌస్ గోడ మీద కొత్త బోర్డు. పసుపు రంగు, నల్ల అక్షరాలు, హిందీలో. కర్మాగారంలో ప్రతి ప్యానెల్ పక్కనా పెట్టారట. మీలో ఎవరైనా ఆ లోపలికి వెళ్తే చూస్తారు. ఆగి చదవండి. ఆ మాటలు పుస్తకంలోంచి రాలేదు.

ఫోన్ పట్టుకుని ఇడ్లీ బండి దగ్గరికి వెళ్ళాను. జాయింటర్‌కి హిందీ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. కూతురు కాలేజీ నుంచి వచ్చి బండి పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె చేతికిచ్చాను.

"ఏటమ్మా రాసినారు? సదువు," అన్నాడు తండ్రి.

ఆ పిల్ల హిందీలోనే గట్టిగా చదివింది. నేను తెలుగులో చెప్పాను. అమ్మీటర్ సున్నా చూపితే కరెంటు లేదని కాదు. రెండో చివర చూడు. టెస్ట్ చేశాకే చెయ్యి పెట్టు.

"రెండో చివర చూడు," అని అతను తనలో తాను అనుకున్నాడు. "ఇది నువ్వు ఆ గదిలో అన్న మాట కాదేటి బావా?"

"అదే."

"అయితే ఒప్పుకున్నట్టే గదా?"

కూతురు ఫోన్ నాకు తిరిగి ఇస్తూ, మరి గేట్ పాస్ ఇస్తారా అని తండ్రిని అడిగింది. "తో పాపా, ఆప్‌కా పాస్ మిల్ జాయేగా?"

ఎవరో ఇడ్లీ అడిగారు. అతను ఎడమచేత్తో ప్లేటు అందుకున్నాడు, ముడుచుకుపోయిన కుడిచేత్తో దాన్ని పొట్టకి ఆనించి పట్టుకున్నాడు, చట్నీ వేసి అందించాడు. అప్పుడు కూతురికి జవాబు చెప్పాడు.

"నాది తప్పు కాదని గోడకి తెలిసిపోనాదమ్మా. గేటుకి ఇంకా తెలీలేదు."